అరటిపువ్వు దొప్పలో వ్యాకులమాత: ప్రకృతి ఆకారాల నుంచి కథోలిక పటం వేయడం ఎలా?

జనవరి వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు వస్తాయి. వేపచెట్టు మొదలు, కొండరాయి, గోడ మీద చెమ్మ మరక, ఒకసారైతే మాడిపోయిన అట్టు. కింద ఒకటే ప్రశ్న: "ఇందులో మరియమాత కనబడుతోందండీ, దీన్ని పెయింటింగ్‌గా వేయాలి, ఎలా?" ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మాత తిరునాళ్లు కాబట్టి ఆలోపు పూర్తి చేసి కొండ మీద మాత దగ్గరికి తీసుకెళ్లాలని తొందర. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం నా వల్ల కావడం లేదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చూసేవాళ్లకి ముందు మాత కనబడాలి. ఆకో, రాయో, పువ్వో ఆ తర్వాత, కాస్త నిలబడి చూస్తే కనబడాలి. ఈ వరుస తిరగబడిందా, మీరు వేసింది పొడుపుకథ అవుతుంది. దాని ముందు కొవ్వొత్తి వెలిగించాలని ఎవరికీ అనిపించదు. ఇది నాకు తెలిసొచ్చింది ఒక మామ్మ వల్ల. నేను మొదటిసారి వేపమొద్దులో మాతను వేసి, బెరడులో ప్రతి పగులునూ చెక్కినట్టు దించి, మా విచారణలో (అంటే మా పారిష్‌లో) గర్వంగా చూపించాను. మామ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "బాగుంది నాయనా, ఈ చెట్టు ఏ ఊళ్లోది?" అంది.

ఇంకో సంగతి. ఆకారం మీకు తట్టింది, అంతవరకే చెప్పండి. మబ్బుల్లో ఏనుగు కనబడటం ఎలాగో ఇదీ అలాగే, మన కంటికి ముఖాలు వెతుక్కోవడం అలవాటు. మరకలున్న గోడల్ని తదేకంగా చూసి కొత్త బొమ్మలు ఊహించుకోమని లియొనార్డో డావిన్సీ కూడా చిత్రకారులకు చెప్పాడు. దాన్ని "మాత దర్శనం", "అద్భుతం" అని వాట్సాప్‌లో తిప్పకండి. అలాంటివి తేల్చే పని మేత్రాసనానిది, అంటే బిషప్ గారి పాలనలోని డయోసీస్‌ది. దాని కోసం వాటికన్ 2024 మే నెలలో కొత్త నియమాలు కూడా ఇచ్చింది. మన పని బొమ్మ వేయడం.

కావాల్సినవి

- 12×16 అంగుళాల కాన్వాస్ బోర్డు. మొదటిసారి ఇంతకన్నా పెద్దది వద్దు, చిన్నదీ వద్దు. చిన్నదాంట్లో ముఖం వేయడం చాలా కష్టం.
- ఆక్రిలిక్ రంగులు ఆరు: టైటానియం వైట్, అల్ట్రామెరీన్ బ్లూ, క్రిమ్సన్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్. నలుపు ట్యూబ్ కొనకండి. కొన్నారంటే వాడతారు.
- బ్రష్షులు: అంగుళం ఫ్లాట్, 12 నంబరు ఫ్లాట్, రౌండ్‌లో 6, 2, గీతలకి 0.
- జెస్సో (రంగులకి ముందు కాన్వాస్‌కి పూసే తెల్లటి పూత), 220 నంబరు ఎమెరీ పేపర్.
- ట్రేసింగ్ పేపర్, హెచ్‌బీ, 4బీ పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు.
- నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, పాత నూలుగుడ్డ, మూత ఉన్న వెడల్పాటి టిఫిన్ డబ్బా.
- మ్యాట్ (మెరవని) వార్నిష్.
- అన్నిటికన్నా ముఖ్యం, అసలు వస్తువు. ఫోటో ఒక్కటే చాలదు. ఆకునో పువ్వునో చేతిలో తిప్పి చూడాలి.

ఆయిల్ రంగులు వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ ఆరడానికి రోజులూ వారాలూ పడుతుంది, టర్పెంటైన్ వాసన ఇంట్లోవాళ్లు భరించాలి. చేయి తిరిగాక చూద్దురుగాని.

ఆకారం ఎక్కడ వెతకాలి

చెట్టు మొద్దులు, కొండరాళ్లు అందరూ చూసేవే. వాటిలో ఆకారం స్పష్టంగా ఉండదు కాబట్టి వేసేటప్పుడు మీరే సగం కల్పించాల్సి వస్తుంది. కొత్తవాళ్లకి నేను చెప్పేది: గట్టి అంచు ఉన్న వస్తువుతో మొదలుపెట్టండి. మన విజయవాడ, గుంటూరు పరిసరాల్లో అలాంటివాటికి కొదవ లేదు.

గుంటూరు వైపు వాళ్లయితే ఒక ఎండుమిరపకాయ తీసుకుని తొడిమ కిందికి వచ్చేలా నిలబెట్టండి. అది పెంతెకోస్తు నాడు, అంటే పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజున, కనబడిన అగ్నినాలుక. పన్నెండుమంది అపొస్తలులు, మధ్యలో మరియమాత, ఒక్కొక్కరి తల మీద ఒక్కో మిరపకాయ మంట. మొత్తం 13 కావాలి. కొన వంకర తిరిగిన కాయలే ఏరుకోండి. నిటారు కాయ మంటలా ఉండదు, మిరపకాయలాగే ఉంటుంది.

పత్తి చేలల్లో పగిలిన పత్తికాయ చూశారా? ఎండిపోయిన గోధుమరంగు డొక్క నాలుగైదు చీలికలుగా విచ్చుకుని, మధ్యలో తెల్లటి దూది ఉబికి ఉంటుంది. ఆ డొక్కే పశువుల తొట్టి, ఆ దూదే పొత్తిగుడ్డల్లో చుట్టిన బాలయేసు. క్రీస్తు జయంతికి ఇంతకన్నా మంచి ఆకారం నాకైతే తట్టలేదు. సమయానికి కాయలూ చేలో దొరుకుతాయి.

ముళ్లకిరీటానికి సర్కారు తుమ్మ కొమ్మ చాలు. కోసేటప్పుడు జాగ్రత్త, గుచ్చుకుంటే సలుపు రెండు రోజులు తగ్గదు.

త్రిత్వానికి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మకి, పులిచింతాకు. కుండీల్లో, కాలువ గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. మూడు రేకులు, ఒక్కో రేకూ గుండె ఆకారం. ఐర్లండులో పునీత పాట్రిక్ త్రిత్వాన్ని మూడాకుల మొక్కతో వివరించాడని చెప్పుకుంటారు, మనకి ఇది. మారేడు దళం కూడా మూడాకులే కదా అంటారేమో. మన ఊళ్లో మారేడు చూస్తే ఎవరికైనా శివుడే గుర్తొస్తాడు. చూసేవాళ్ల మనసులో అప్పటికే ఒక అర్థం పాతుకుపోయి ఉంటే దానితో మీ బ్రష్షు పోటీపడలేదు. రావి ఆకు విషయంలోనూ ఇంతే.

కృష్ణకమలం కథ వేరు. దీన్ని స్పెయిన్ మిషనరీలు దక్షిణ అమెరికాలో చూసి క్రీస్తు పాటుల (సిలువ శ్రమల) పువ్వు అన్నారు: చుట్టూ ఉన్న పోగులు ముళ్లకిరీటం, ఐదు కేసరాలు ఐదు గాయాలు, పైనున్న మూడు మేకులు, పది రేకులు పేతురు, యూదా కాక మిగిలిన పదిమంది శిష్యులు. అదే పువ్వును మనవాళ్లు కౌరవ పాండవుల పువ్వు అంటారు. చుట్టూ నూరుమంది, మధ్యలో ఐదుగురు. రెండు అర్థాలూ ఇక్కడ బతికే ఉన్నాయి కాబట్టి ఈ పువ్వును ఒంటరిగా వేయకండి, సిలువ పక్కన వేయండి.

ఓపిక ఉంటే గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లి గూడబాతుల్ని చూసి రండి. గూడబాతు తన రొమ్ము చీల్చి రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని పాత ఐరోపాలో నమ్మేవారు, అందుకే అది దివ్యసత్ప్రసాదానికి (పూజలో అందుకునే క్రీస్తు శరీర రక్తాలకి) గుర్తయింది. నిజానికి అది ముక్కు సంచిలోని చేపల్ని పిల్లలకి పెడుతుంది. ముక్కును రొమ్ముకి ఆనించి మెడ వంచినప్పుడు ఆ వంపు గమనించండి. గుడిలో బలిపీఠం ముందు భాగానికి ఆ ఒక్క వంపు చాలు.

ఇక్కడ నేను ఉదాహరణగా తీసుకునేది అరటిపువ్వు దొప్ప. పటమట రైతు బజార్లోనో, మీ కూరగాయల బండి దగ్గరో అరటిపువ్వు కొనండి. పై దొప్ప ఒకటి ఊడదీసి, కొన పైకి వచ్చేలా నిలువుగా పట్టుకోండి. పడవ లాంటి ఆ లోతు ముసుగు, అందులో ముఖం పట్టేంత చోటు. బయట ఊదా, లోపల ఎరుపు. ముసుగు కప్పుకుని కూర్చున్న వ్యాకులమాత, అంటే కొడుకు కోసం దుఃఖిస్తున్న మరియమాత.

1. ముందు అంచు మాత్రమే గీయండి

దొప్పను తెల్ల కాగితం మీద పెట్టి, పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య కిటికీ పక్కన, వెలుగు ఒక పక్క నుంచి పడేలా పది ఫోటోలు తీయండి. ఆలస్యం చేయకండి. పొద్దున ఊడదీసిన దొప్ప సాయంత్రానికి అంచులు చుట్టుకుని చుట్టలా అయిపోతుంది.

తర్వాత బొటనవేలంత బొమ్మలు పది గీయండి, ఒక్కోదానికి రెండు నిమిషాలు మించకూడదు. గీసి లోపలంతా పెన్సిల్‌తో నల్లగా నింపేయండి. ఆ నల్లటి నీడను చూసి "ముసుగులో ఉన్న మనిషి" అనిపిస్తోందా? అనిపించకపోతే ఆ ఆకారం పనికిరాదు, ఎంత రంగు పూసినా రాదు. ఇంకో దొప్ప తీసుకోండి. అరటిపువ్వులో దొప్పలకేం కరువు, మిగిలింది కూర వండుకోవచ్చు.

2. ఎవరి పటమో తేల్చుకుని గుర్తులు రాసుకోండి

కథోలిక పటంలో పునీతుల్ని గుర్తుల బట్టే పోలుస్తారు. ఇవి తప్పితే ఫాదర్ మర్యాదగా నవ్వి పక్కన పెట్టేస్తారు.

లూర్దుమాత, అంటే మన గుణదల మాత: తెల్ల దుస్తులు, తెల్ల ముసుగు, నీలం నడికట్టు, చేతిలో జపమాల, పాదాల మీద బంగారు గులాబీలు. చేతులు జోడించి ఉంటుంది, ఒడిలో బాలయేసు ఉండడు. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో, మాతను చూశానన్న బెర్నదెత్ అనే అమ్మాయి చెప్పిన రూపం అది. వేలాంకణి మాత అయితే చీర, కిరీటం, చేతిలో బాలయేసు. ఈ రెండిటినీ కలిపేసినవి ప్రతి ఏడాదీ చూస్తుంటాను.

యేసు తిరుహృదయం: గుండె చుట్టూ ముళ్లకిరీటం, పైన మంట, మంటలో సిలువ, పక్కన గాయం. పునీత జోజప్ప: లిల్లీ పువ్వు లేదా వడ్రంగి పనిముట్లు. పునీత పేతురు: తాళంచెవులు. క్రీస్తు తల వెనక కాంతివలయంలో సిలువ ఉంటుంది, మిగతావాళ్లకి ఉండదు.

వ్యాకులమాతకి ముదురు నీలం ముసుగు, కిందికి వాలిన చూపు, గుండెలో ఒక కత్తి లేదా ఏడు. దొప్పకి ఈ మాతే ఎందుకంటే, అరటిపువ్వు దుఃఖంలో తల వంచుకున్నట్టే ఉంటుంది. లూర్దుమాతకి ఇది నప్పదు. తెల్లటి నిలువెత్తు రూపానికి విచ్చని కలువమొగ్గ నయం.

3. ఆకారంలో మనిషిని కూర్చోబెట్టండి

కష్టమంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి.

12×16 కాగితం మీద 14 అంగుళాల ఎత్తున దొప్ప అంచు గీయండి, పైనా కిందా ఒక్కో అంగుళం వదలండి. ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా రెండున్నర నుంచి మూడు అంగుళాలు. దాన్ని దొప్ప కొనకి మరీ దగ్గరగా పెట్టకండి, ముసుగుకి నుదుటి పైన చోటుండాలి. జోడించిన చేతులు రొమ్ము దగ్గర. మణికట్టు నుంచి వేలికొన దాకా చెయ్యి పొడవు గడ్డం నుంచి నుదుటి పైదాకా ఎంతుంటుందో అంతే. మీ చెయ్యి మీ ముఖం మీద పెట్టుకుని చూసుకోండి.

దొప్ప మీద నిలువునా సన్నటి చారలుంటాయి. అవన్నీ గీయబుద్ధేస్తుంది. ఐదారు మాత్రమే తీసుకోండి, అవే ముసుగు మడతలు. మామ్మ నన్ను చెట్టు ఏ ఊరిదని అడిగింది ఈ తప్పు వల్లే. చుట్టుకున్న అంచును మాత్రం వదలకండి. ముఖం పక్కన ఆ అంచు బయటికి తిరిగే చోట లోపలి ఎరుపు సన్నగా కనబడుతుంది. దొప్ప అని తెలిసేది ఆ ఒక్క చోటే, అది చాలు.

ముఖం, చేతులు మాత్రం దొప్ప చెప్పినట్టు వంచకూడదు, మనిషి శరీరం ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ముఖాన్ని కూడా ఆకులా సాగదీస్తే కార్టూన్ అవుతుంది.

4. కాన్వాస్ సిద్ధం చేసి బొమ్మ దించండి

బోర్డు మీద జెస్సో రెండు పూతలు వేయండి, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. ఒక్కోటి పూర్తిగా ఆరాక ఎమెరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దండి. "జెస్సో వేసిన కాన్వాసే" అని షాపులో చెప్తారు. అయినా ఒక పూత వేయండి. ఒకసారి ఆ మాట నమ్మి నేరుగా వేస్తే రంగంతా గుడ్డ పీల్చేసుకుని మాత ముఖం మర్నాటికి పాలిపోయింది.

గీసిన బొమ్మను ట్రేసింగ్ పేపర్ మీదికి ఎత్తుకుని, దాని వెనక 4బీ పెన్సిల్ రుద్ది, బోర్డు మీద పెట్టి గీతల మీద మళ్లీ గీయండి. కార్బన్ పేపర్ వద్దు, దాని నీలం మరక తెల్ల రంగులోంచి పైకి తేలుతుంది.

హెచ్చరిక: ట్రేసింగ్ పేపర్‌ను బోర్లా తిప్పేయడం చాలా మామూలు తప్పు. అప్పుడు క్రీస్తు ఎడమ చేత్తో ఆశీర్వదిస్తాడు, సిలువ మీద బల్లెపు గాయం కుడి పక్క నుంచి ఎడమ పక్కకి వెళ్తుంది. ట్రేస్ చేయగానే కాగితం మూలన "పైకి" అని రాసుకోండి.

5. రంగు లేని బొమ్మ ముందు పూర్తిచేయండి

బర్న్ట్ సియన్నాలో నీళ్లు బాగా కలిపి, టీ డికాషన్ రంగులో, బొమ్మంతా ఒక పల్చటి పూత. ఆరాక అదే రంగు కాస్త చిక్కగా తీసుకుని నీడలు వేయండి. మూడే స్థాయులు: వెలుగు, మధ్యస్థం, చీకటి. దొప్ప లోతు చీకటి, అందులోంచి ముఖం వెలుగులోకి రావాలి.

ఇప్పుడు ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్‌లో ఫోటో తీసి చిన్నదిగా చేసి చూడండి. ముఖం అన్నిటికన్నా ముందు కంటికి తగులుతోందా? లేకపోతే ఇక్కడే సరిచేయండి. రంగులు వేశాక సరిచేయాలంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

6. రంగులు

ఆకారం దొప్పది, రంగు సంప్రదాయానిది. ముసుగు మొత్తం దొప్పలా ఊదా వేయాలా అని అడుగుతారు. వద్దు. పాత పటాల్లో మరియమాతకి ఎర్రటి వస్త్రం, దానిపైన నీలం పైవస్త్రం వేయడం ఎప్పటినుంచో ఉంది. అదృష్టం కొద్దీ దొప్ప లోపలి ఎరుపు ఆ వస్త్రానికి సరిపోతుంది. బయటి ఊదాను కాస్త నీలం వైపు జరిపితే చాలు.

ముసుగు చీకటి భాగం: అల్ట్రామెరీన్ + బర్న్ట్ అంబర్. మధ్యస్థం: అల్ట్రామెరీన్‌లో చిటికెడు క్రిమ్సన్. వెలుగు: దానికే తెలుపు. దొప్ప బయట వేలితో రాస్తే పోయే బూడిద లాంటి పొర ఉంటుంది చూశారా, దాన్ని వదులుకోకండి. తెలుపులో కొంచెం అల్ట్రామెరీన్ కలిపి, బ్రష్షును గుడ్డకి దాదాపు పొడిగా తుడిచి, మడతల మీద తేలిగ్గా లాగండి. వస్త్రం ఒక్కసారిగా ప్రాణం పోసుకుంటుంది.

మేనిరంగు: ఎల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియన్నా ఒకటి, తెలుపు ఒకటి, క్రిమ్సన్ సూది మొనంత. నీడకి బర్న్ట్ సియన్నాలో అల్ట్రామెరీన్. గులాబీరంగు ముఖమే వేయాలన్న నియమం ఎక్కడా లేదు. గోవాకి చెందిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) మరియమాతకి చీర కట్టి మన మనిషిలాగే వేశాడు. అప్పట్లో కొందరికి అది మింగుడుపడలేదు. ఇప్పుడు మీరు వేస్తే ఎవరూ ఏమీ అనరు.

మన ఎండ సంగతి చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆక్రిలిక్ బ్రష్షు మీదే ఆరిపోతుంది. ఫ్యాన్ కింద వేయకండి. టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి, రంగులు దానిమీద పిండుకోండి. మధ్యమధ్యలో స్ప్రే చేయండి, లేచి వెళ్లేటప్పుడు మూత పెట్టండి. మర్నాడు కూడా పనికొస్తాయి. వర్షాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, పూతకీ పూతకీ మధ్య గంట ఆగినా తొందరే.

7. ముఖం, చేతులు

ఇక్కడ ఆకు, పువ్వు అన్నీ మర్చిపోండి. కళ్లు తల ఎత్తుకి సరిగ్గా సగంలో ఉంటాయి. అందరూ పైకి పెడతారు. వ్యాకులమాత చూపు కిందికి వాలి ఉంటుంది కాబట్టి పై రెప్ప పెద్దగా, కంటిపాప కొద్దిగా మాత్రమే. కన్నీటి చుక్కలు వేయాలనుకుంటే ఒకటి, లేదా అసలు వద్దు. జలజలా కారిపోతుంటే సీరియల్ అవుతుంది.

సినిమా హీరోయిన్ ఫోటో చూసి ముఖం వేయకండి. జనం ఇట్టే పోలుస్తారు, ఆ తర్వాత ఎవరి నోటా ప్రార్థన రాదు. ఇంట్లో అమ్మనో, పిన్నినో కూర్చోబెట్టండి. మొహం సరిగ్గా రాకపోయినా పర్లేదు, ఆ నెమ్మది వస్తుంది.

వేళ్లు లెక్కపెట్టండి. నవ్వకండి, నేనే ఒకసారి ఆరు వేశాను.

8. కాంతివలయం, ముగింపు పూతలు

గుండ్రటి పళ్లెం తల వెనక అతికించినట్టు వేయకండి. దొప్ప కొన చుట్టూ ఎల్లో ఓకర్, తెలుపు కలిపి పల్చగా, బయటికి పోయేకొద్దీ మసకబారేలా వేయండి. గీతలు కావాలంటే తాటాకు విసనకర్ర చూడండి, మడతలు ఒక్క బిందువు నుంచి ఎలా విచ్చుకుంటాయో. గీతలు మాత్రమే తీసుకోండి, ఆకు అంచు తీసుకుంటే మాతకి ఎవరో విసురుతున్నట్టుంటుంది.

బంగారు రంగు డబ్బా చేతిలో ఉంటే ఆపుకోవడం కష్టం. సన్నటి గీత ఒకటి చాలు.

9. వార్నిష్

కింద చెప్పిన పరీక్షలన్నీ అయ్యాకే వార్నిష్. రంగు ఆరిందనిపించాక మూడు రోజులు ఆగండి. దుమ్ము లేని గదిలో, బోర్డును నేల మీద పడుకోబెట్టి మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి పూతలు. గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేస్తే ట్యూబ్‌లైటు ప్రతిబింబం మాత ముఖం మీదే పడుతుంది. నురగ వస్తే బ్రష్షు మరీ గట్టిగా ఆడిస్తున్నారని అర్థం.

సరిగ్గా వచ్చిందా, ఎలా తెలుస్తుంది?

మొదట అద్దంలో చూడండి. వంకర ముఖం నేరుగా చూస్తే దొరకదు, అద్దంలో వెంటనే దొరుకుతుంది. తర్వాత పది అడుగుల దూరం వెళ్లి కళ్లు సగం మూసి చూడండి. ముఖం, చేతులు, ముసుగు, ఈ వరుసలో కనబడాలి.

అసలు పరీక్ష మనుషులతో. బొమ్మ గురించి ఏమీ తెలియని ఒక పిల్లనీ, ఒక పెద్దావిడనీ పిలిచి "ఎవరు?" అని మాత్రమే అడగండి. "ఏమిటి?" అని అడగకండి. "మరియమ్మ" అన్నాక, ఇంకేమైనా కనబడుతోందా అంటే "అరటిపువ్వులా ఉందే" అనాలి. ముందే "అరటిపువ్వు" అంటే చారలు ఎక్కువయ్యాయి. ముసుగు మీద మధ్యస్థ నీలం పల్చగా లాగి సగం చారలు కప్పేయండి. అసలు అరటిపువ్వే తట్టలేదంటే ముఖం పక్కన తిరిగిన ఎర్రటి అంచును కాస్త వెడల్పు చేయండి. రెండూ అరగంట పనే. కాకపోతే వార్నిష్‌కి ముందే జరగాలి.

చివరగా విచారణ గురువులకి చూపించండి, ముఖ్యంగా గుడిలో పెట్టాలనుకుంటే. గుడిలో ఏ పటం ఉండాలో నిర్ణయించేది ఆయనే. ఫాదర్ మంత్రించాక (ప్రార్థన చేసి ఆశీర్వదించాక) అమ్మడం బాగుండదు కాబట్టి, ఎవరికైనా డబ్బుకి ఇవ్వాలనుకుంటే ముందు ఇచ్చేసి, వాళ్లనే తీసుకెళ్లి మంత్రించుకోమనండి.

గోడ మీద వేయాలనుకునేవాళ్లకి

మాతకి గుహ కట్టి, దాని వెనక గోడ మీద బొమ్మ వేయమని అడుగుతున్నారు చాలామంది. ముందు ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితం గోడకి నాలుగు వైపులా టేపుతో మూసి అతికించండి. ఒక రోజు తర్వాత లోపలి వైపు నీటిచుక్కలు పట్టి ఉంటే ఆ గోడకి చెమ్మ ఉంది. చెమ్మ ఆపకుండా రంగు వేస్తే మొదటి వానకే ఉప్పు పూసి పొరలు లేస్తుంది. గోడ బాగుంటే ఎక్స్‌టీరియర్ ప్రైమర్, పైన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రంగులు. ట్యూబ్ ఆక్రిలిక్ ముఖానికి, చేతులకి మాత్రమే వాడండి, లేకపోతే ఖర్చు తట్టుకోలేరు. ప్లైవుడ్ మీద వేసి బయట పెట్టేవాళ్లు వెనక వైపు, అంచులకి కూడా ప్రైమర్ పూయండి. ముందు వైపు మాత్రమే పూసిన నా పటం ఒకటి వానాకాలం అయ్యేసరికి అప్పడంలా వంగింది.

ఇంట్లో పెట్టాక

వార్నిష్ వేసి మూడు రోజులైనా గడవకుండా తీర్థం చల్లించడానికి తీసుకెళ్లకండి, చుక్కలు తెల్లటి మచ్చలుగా మిగలొచ్చు. కొవ్వొత్తి పటానికి మూరెడు దూరంలో, కింద కాక ముందు పెట్టండి. మసి మొదట పట్టేది ముసుగు అంచుకే. మల్లెదండ తడిగా ఉంటుంది కాబట్టి నేరుగా రంగు మీద వేయకండి. పటానికి పైన రెండు మేకులు కొట్టి, దండను వాటికి తగిలించి, ఫ్రేము పక్కలనుంచి కిందికి వదలండి.